రెండో పొట్లం

కోవిల్‌పట్టి,
జనవరి 28, 2024

చెల్లెలు మారీశ్వరికి,
అక్క దీవించి రాసేది.

నేను బాగున్నాను. మీ ఆయన దగ్గు తగ్గిందా? ఆయన పేరు చెప్పుకొని మంగళవారాలు ఒక్కపొద్దు ఉంటున్నాను.

నువ్వు ఫోన్ చేశావని పక్కింటి వెళ్ళైయమ్మాళ్ చెప్పింది. చేయవద్దు. ముప్పై ఏళ్ళు నూలు మిల్లు మోతలో నిలబడిన చెవులు. నీ గొంతు ఈగ రొదలాగా వినబడుతుంది తప్ప మాట తెలియదు. కాగితమైతే తెలుస్తుంది.

ఇప్పుడు రాయవలసిన పని ఒకటి వచ్చింది. కళుగుమలై దారిలో మన ఊరి చుట్టూ ఉన్న చేలన్నీ సోలార్ కంపెనీ కొన్నదని నీకు తెలుసు. నడిమిన మన ఇలవేల్పు జక్కమ్మ తోపు ఒక్కటే మిగిలింది. అదీ కావాలంటున్నారు. తొమ్మిది ఎకరాలు. పట్టాలో దాయాదులందరి పేర్లూ ఉన్నాయి. అందరూ సంతకం పెడితేనే అది చేయి మారుతుంది. నాయనకు కొడుకులు లేరు కాబట్టి ఆయన వంతుకు నువ్వూ నేనూ పెట్టాలి.

మొన్న చిన్నాయన కొడుకు రంగనాథన్ వచ్చాడు. వాడు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది కాబట్టి అన్నీ వినబడ్డాయి.

"అక్కా, అందురూ పెట్టేసినారు. నీ కైయెళుత్తు ఒకటే ఆగుండాది."

"ఎవురి కోసరం పెట్టేది?"

"ఊరి కోసరం. ఆడ ఏముండాది చెప్పు? ముండ్లు. రెండు ఉడుములు."

"అయితే ఆ ఉడుముల కైయెళుత్తు వాంగుకొని రా. తరవాత నేను పెడతాను" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

చుట్టూ పది ఊళ్ళను సీమ తుమ్మ కమ్మేసింది. మన తోపులోకి ఒక్క మొక్క రాలేదు. అక్కడ గొడుగు తుమ్మ, దిరిసెన, ఇప్ప, పరికి పొదలు. కొడవలి లోపలికి పోకూడదు, రాలిన పుల్ల బయటికి రాకూడదు అని పెద్దలు కట్టిన కట్టు. ఆ కట్టు వల్లనే పడమటి పక్క ఊట చిత్తిర ఎండల్లో కూడా చెమ్మగా ఉంటుంది. పోయిన శుక్రవారం దీపం పెట్టి వస్తుంటే దిరిసెన కొమ్మ మీద దేవాంగపిల్లి ముడుచుకొని నిద్రపోతోంది. మన పిడికిలి కంటే కొంచెం పెద్దది. కంపెనీ ఎండతో కరెంటు తీస్తుందట. మంచిదే. ఎండకు లోకమంతా చోటుంది. నీడకు మన పక్క ఇదొక్కటే చోటు.

నేను పెట్టనన్నాను. నువ్వు పెట్టలేదు కదా? రాయి.

నీ అక్క,
కృష్ణమ్మాళ్


విరుదునగర్,
ఫిబ్రవరి 9

నా బంగారు అక్కకు,
మారీ నమస్కారం.

నీ జాబు వచ్చింది. నువ్వు ఒక పేజీ రాశావంటే ఇక్కడ వాన వస్తుందని నిరోషా ఎగతాళి చేస్తోంది. "పెద్దమ్మకు ఇంకు మీద అంత పిసినారితనం ఎందుకమ్మా" అంటుంది. దానికి కాలేజీలో రెండో సంవత్సరం. నోరు మాత్రం అప్పుడే ప్రొఫెసర్.

ఆయన దగ్గు అట్లనే ఉంది. శివకాశి పటాకుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు మందు పొడి మింగిన మనిషి. రెండేళ్ళాయె ఇంట్లోనే. పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ వ్యాను మా వీధిలో హారన్ కొడితే ఇప్పటికీ లేచి కూర్చుంటాడు. వ్యాను పోయినాక మళ్ళీ పడుకుంటాడు. ఆ పడుకోవడం చూడలేనక్కా.

తోపు సంగతికి వస్తాను. కోప్పడకుండా చదువు. కంపెనీవాళ్ళు చుట్టూ కంబి కంచె వేసేస్తారు. నడిమిన మనది ఒక్కటే మిగిలితే రేపు లోపలికి పోవడానికి కూడా వాళ్ళను గేటు దగ్గర అడుక్కోవాలి. దాయాదులు నీ మీద మండిపోతున్నారు. వాళ్ళు నిన్ను ఏమన్నా అంటే నీకు వినబడదు, నాకు వినబడుతుంది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. నీ మాటా వద్దు, రంగనాథన్ మాటా వద్దు. అమ్మనే అడుగుదాం. పూ కట్టి చూద్దాం. నాయన బావి తవ్వేటప్పుడు అట్లనే కదా అడిగినాడు? వద్దని వస్తే దాయాదుల నోరు మూతపడుతుంది. ఆ తరవాత నిన్ను అడిగే ధైర్యం ఎవడికీ ఉండదు. అమ్మ మీద నీకు నమ్మకం ఉంది కదా. మరి భయమెందుకు?

ఎండలు మొదలయ్యాయి. మజ్జిగ తాగు. గుళ్ళూ గోపురాలూ అని కాళ్ళు కాల్చుకోకు.

నీ ముద్దుల చెల్లెలు,
మారీశ్వరి


కోవిల్‌పట్టి,
మార్చి 2

మారీకి,

పది రోజులు ఆలోచించాను. నువ్వు రాసినది సరే. అమ్మ స్థలం. అడగవలసింది అమ్మనే.

పంగుని నెల మొదటి శుక్రవారం పెట్టుకుందాం. పద్ధతి నీకు తెలిసినదే అయినా రాస్తున్నాను, తప్పు జరగకూడదు. రెండు పొట్లాలు, ఒకే కొలత అరటాకు, ఒకే రకం దారం. ఒకదానిలో తుమ్మి పూలు. అవి వస్తే సరే అని. ఇంకొకదానిలో ఎర్ర గన్నేరు. అవి వస్తే వద్దని. ఇంటి పెద్దబిడ్డ తలంటుకొని తడిబట్టతో కళ్ళు మూసుకొని ఒకటి తీయాలి. అది విప్పి అందరికీ చూపాలి. రెండోది విప్పకూడదు. విప్పితే అమ్మను నమ్మనట్టు. దాన్ని అమ్మ రాతి పీట కింద పెట్టేయాలి.

పొట్లాలు నువ్వే కట్టు. రంగనాథన్ పెండ్లాం కడతానన్నది. ఆ చేయి నాకు నమ్మకం లేదు.

సంతకం సంగతి అడిగాను. నువ్వు రాయలేదు. మరిచిపోయి ఉంటావు.

అక్క


కోవిల్‌పట్టి,
మార్చి 18

మారీకి,

నువ్వు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయావు. మాట్లాడటానికి కాలేదు.

ఆ రోజు నేను కళ్ళు మూసుకొని మూడు మొక్కాను. ఒకటి తోపు. ఒకటి మీ ఆయన ఊపిరి. ఒకటి, ఏది వచ్చినా అలగకుండా ఉండే మనసు. చేతికి వచ్చిన పొట్లం విప్పితే తుమ్మి పూలు. తెల్లగా, ఇంకా తడిగా ఉన్నాయి. దాయాదుల ఆడవాళ్ళు నాలుక తిప్పి కులవ పెట్టారు. నాకు అదీ సరిగా వినబడలేదు.

రంగనాథన్ కాగితం సిద్ధంగా తెచ్చుకున్నాడు. నా చీర కొంగు కారుతూనే ఉంది. పెట్టాను. పెడుతూ చూశాను. వరుసలో మొదటి సంతకం నీది. పక్కన తేదీ జనవరి ఇరవై. నేను నిన్ను అడగడానికి ఎనిమిది రోజుల ముందు. అడిగినప్పుడు చెప్పి ఉండవచ్చు. నేను కొట్టను కదా.

సరే. అది చిన్న సంగతి.

పెద్ద సంగతి ఇది. మూడు రోజులుగా దీపం పెట్టలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి. నువ్వే పోనిచ్చావా అని అమ్మను అడుగుతున్నాను. ఆ దేవాంగపిల్లి నీది కాదా, ఆ ఊట నీది కాదా అని అడుగుతున్నాను. అమ్మతో నాకు మాటలు లేవు.

మూడో మొక్కు ఆమె వినలేదు.

అక్క


విరుదునగర్,
ఏప్రిల్ 14

అక్కా,

నీ జాబు చదివి మూడు రోజులు అన్నం దిగలేదు. దీపం మానవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, మానవద్దు. అమ్మ ఏదో ఆలోచించే ఇచ్చి ఉంటుంది. దేవతకు కూడా కాలం మారుతుంది కదా. నువ్వు అలిగితే నాకు ఏదోలా ఉంది. దీపం పెట్టానని ఒక్క లైను రాయి, చాలు.

సంతకం ముందే పెట్టినందుకు తిట్టు. రంగనాథన్ ఇంటికే వచ్చి కూర్చున్నాడు. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. అంతే.

ఇంకో మాట. నిన్న గాక మొన్న ఆయనకు పని దొరికింది. ఆ సోలార్ సైటులోనే, సూపర్‌వైజర్. పొడి లేదు, మందు లేదు, గొడుగు కింద కుర్చీ వేసుకొని చూసుకుంటే చాలు. అనుకోకుండా దొరికింది. నువ్వు ఉన్న ఒక్కపొద్దులే కారణమని ఆయనే అన్నాడు. పొద్దున వ్యాను హారన్‌కు లేచి ఇప్పుడు నిజంగానే స్నానం చేసి బయల్దేరుతున్నాడు. చొక్కా ఇస్త్రీ కావాలట! పెళ్ళికొడుకు వేషం.

నీకు ఒక కాటన్ చీర పంపుతున్నాను. నీకిష్టమైన అరిటాకు రంగు.

జక్కమ్మ రాయిని కంపెనీవాళ్ళే జాగ్రత్తగా తీసి, రోడ్డు పక్క సిమెంటు గుడి కట్టి పెడతామన్నారు. నువ్వు దానికోసం పోవద్దు. ఆ ఎండలో అక్కడికి పోవద్దు. వాళ్ళు చూసుకుంటారు.

మారీ


కోవిల్‌పట్టి,
జూన్ 10

మారీశ్వరికి,

చీర అందింది. కట్టలేదు.

నువ్వు పోవద్దన్నావు. నాలుగో తేదీ పోయాను. అమ్మ రాయిని మిషన్ ముట్టకూడదు. ఇంటి పెద్దబిడ్డ ఎత్తాలి. అది కాలం మారినా మారని పని. వెళ్ళైయమ్మాళ్‌ను తోడు తీసుకుపోయాను.

తోపులో తూర్పు సగం వట్టి నేల అయిపోయింది. నాయన ఎత్తున్న చీమల పుట్ట ఉండేది కదా, అది కూడా చదును. తవ్విన చోట మట్టి నల్లగా, మెత్తగా, ఇంకా వాసనగా ఉంది. పది అడుగుల అవతల కంపెనీ కొన్న చేలల్లో అదే మట్టి బూడిదలాగా లేస్తోంది. పడిన దిరిసెన మీద దేవాంగపిల్లి ఒకటి కొమ్మను పట్టుకొనే ఉంది. కడుపుకు పిల్ల అంటుకొని ఉంది. చెట్టు పడిందని దానికి తెలియలేదు. పనివాళ్ళు ఫోటో తీసుకుంటున్నారు. కొంగులో చుట్టి పడమటి పక్క వదిలాను. వేలు కొరికింది. కొరకనీ.

రాయిని ఇద్దరం కదిపాము. వెళ్ళైయమ్మాళ్ నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏమ్మే, మీ అమ్మ రాయి ఇంత బరువా, లేక రావడానికి మనసు లేదా?" అన్నది. పీట తిప్పితే కింద రెండో పొట్లం.

నేను విప్పలేదు. విప్పవలసిన పని లేదు. చెదలు ఆకును సగం తినేశాయి. దారం మాత్రం నువ్వు వేసిన ముడితోనే ఉంది.

లోపల తుమ్మి పూలు.

ఎండిన పువ్వని సందేహపడ్డాను. వెళ్ళైయమ్మాళ్ చేతిలో పెట్టాను. "తుమ్మి కదమ్మే, దీనికేం చూసేది" అన్నది. ఎంత ఎండినా గన్నేరు రేకు తుమ్మి పువ్వు కాదు.

రాయిని ఊట పక్కన నిలబెట్టాము. అక్కడే కూర్చున్నాను. రెండున్నర నెలలు ఆమె మీద అలిగాను. ఆమె ఏమీ చేయలేదు. ఆమెకు ఆ రోజు నోరే ఇవ్వలేదు. తప్పు ఒప్పుకొని దీపం పెట్టాను. నువ్వు అడిగావు కదా, ఒక్క లైను రాయమని. దీపం పెట్టాను.

పొట్లాలు కట్టింది నువ్వు. చెప్పు.

కృష్ణమ్మాళ్


విరుదునగర్,
జూన్ 21

అక్కా,

వారం రోజులు ఈ కాగితం ముందు కూర్చున్నాను. అబద్ధం రాయాలని రెండు సార్లు మొదలుపెట్టాను. రంగనాథన్ పెండ్లాం మార్చి ఉంటుందని ఒక కాగితంలో రాశాను కూడా. చింపేశాను. నీకు అబద్ధం రాస్తే అక్షరం వంకర పోతుంది, నువ్వు కనిపెడతావు.

అవును. నేనే. రెండింటిలోనూ తుమ్మి పూలే కట్టాను.

గన్నేరు పూలు కోసుకొని వచ్చింది నిజం. సంచిలో ఉన్నాయి. నువ్వు ఊట దగ్గర తల తడుపుకుంటున్నావు. మొదటి ఆకులో తుమ్మి పెట్టాను. రెండో ఆకు చేతిలోకి తీసుకున్నాను. సంచిలోకి చేయి పోలేదక్కా. ఎంత చూసినా పోలేదు. మళ్ళీ తుమ్మే పెట్టి దారం చుట్టేశాను. నువ్వు కళ్ళు మూసుకొని నిలబడితే నీ పెదాలు కదులుతున్నాయి. మా ఆయన కోసం కూడా మొక్కుతున్నావని అప్పుడే తెలుసు నాకు. అయినా నోరు తెరవలేదు.

ఆయన పని అనుకోకుండా దొరకలేదు. కంపెనీ మనిషి జనవరిలోనే మా ఇంటికి వచ్చాడు. "మీ అక్క కైయెళుత్తు వాంగి ఇస్తే మీ వీట్టాయనకు పని" అన్నాడు. నీకు రాస్తే నువ్వేమంటావో నాకు తెలుసు. "అమ్మ వేరే దారి చూపుతుంది" అంటావు. రెండేళ్ళు ఆ వేరే దారి కోసమే చూశాను. ఆయన గోడకు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు నువ్వు చూడలేదు.

ఇంకా ఒకటి చెబుతాను, ఎట్లాగూ అన్నీ చెప్పేస్తున్నాను కదా. నాకు ఏడేళ్ళు. ఒళ్ళో పరికి పండ్లు నింపుకొని తోపులోంచి వచ్చాను. నువ్వు పట్టుకున్నావు. అన్నీ పొద కింద పోయించావు. నాలుక మీద ఉన్నది కూడా ఉమ్మించావు. "పక్షి తినాల, నక్క తినాల, మనం తినకూడదు మారీ" అన్నావు. పక్షికీ నక్కకూ ఉన్న హక్కు నాకు లేదా అని ఆ రోజు నుంచీ ఉంది నాకు. నువ్వు అందరికీ అమ్మవు. ఉడుముకూ, పిల్లికీ, చీమల పుట్టకూ. నా వంతు ఎప్పుడూ కడపటిదే.

ఇది చదివి చింపేయి. నీ మీద ఒట్టు, చింపేయి. ఆయనకు తెలియదు నేను పూలు మార్చానని. నిరోషాకు తెలిస్తే నా మొహం చూడదు. ఆ పిల్ల కాలేజీలో చెట్లు నాటే సంఘానికి లీడరట. నవ్వు వస్తుందా ఏడుపు వస్తుందా నీకు?

తిట్టి రాయి. పేజీ నిండా తిట్టి రాయి.

మారీ


కోవిల్‌పట్టి,
జూలై 9

మారీశ్వరికి,

తిట్టను. నాకు అన్ని మాటలు రావు.

పరికి పండ్ల సంగతి నిజమే. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. పోయించడం సరే. నాలుక మీద ఉన్నది ఉమ్మించి ఉండకూడదు. అది నా తప్పు.

మీ ఆయన వీపు గురించి నువ్వు నాకు రాసి ఉండవచ్చు. పూలు మార్చే ముందు రాసి ఉంటే మనిద్దరం ఏదో ఒకటి చూసేవాళ్ళం. నువ్వు నన్ను అడగలేదు. అమ్మను కూడా అడగలేదు. అడిగినట్టు చేశావు. నా చేతితోనే తీయించావు. అదే నాకు దిగడం లేదు. నరికింది మిషన్ అయినా చేయి నాదైంది.

నీ ఉత్తరం చింపలేదు.

పడమటి సగం ఇంకా ఉంది. ఊట, ఇప్ప చెట్లు, మిగిలిన దిరిసెనలు, కొంగులో తెచ్చి వదిలిన ఆ తల్లీపిల్లా. ఆడి నెలలో కొత్త పని మొదలుపెట్టరు కనుక అది పోయినాక ఆవణి నెలలో వస్తామంటున్నారు. అర్జీలు రాసే కుమారవేల్‌ను కలిశాను. నాకు వినబడేట్టు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపాడు: మోసంతో తీసుకున్న సంతకమని చెప్పాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యం నా పెట్టెలో ఉంది. నువ్వు రాసిన కాగితం.

ఆఫీసులో మన తెలుగు అక్షరం చదివేవాళ్ళు లేరు. నేను కూర్చొని దాన్ని తమిళంలో తిప్పి రాశాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. పరికి పండ్లు కూడా ఉన్నాయి.

వచ్చే సోమవారం, పదిహేనో తేదీ, కలెక్టరు పెద్దాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆ రోజు ఇస్తాను. ఆదివారం లోపల నువ్వు వస్తే ఇద్దరం కలిసి పోదాం. నీ నోటితో చెప్పు. అప్పుడు ఈ కాగితం ఎవరికీ చూపనక్కర లేదు. అది మన మధ్యే ఉంటుంది. రాకపోతే కాగితం చెబుతుంది.

నీ వెనకాల చేయడం నాకు చేతకాదు. అందుకే ముందుగా రాస్తున్నాను. సోమవారం దాకా ఎవరికీ చెప్పకు.

వస్తావని అనుకుంటున్నాను. ఆదివారం నీకు కూడా వండుతాను.

అక్క


విరుదునగర్,
జూలై 17

అక్కా,

ఎట్లా మొదలుపెట్టేది తెలియడం లేదు.

నీ జాబు శుక్రవారం చేరింది. చదివి బీరువాలో బట్టల కింద పెట్టాను. ఆయన చొక్కా వెతుకుతూ చూసినాడు. చూసి సంగతంతా తెలుసుకున్నాడు. నేను ఆపడానికి కాలేదు. శనివారం చీకటితోనే సైటుకు పోయినాడు. ఆఫీసుకు అర్జీ పోకముందే పని ముగించేయాలని కంపెనీవాళ్ళు అనుకున్నారంట. ఆడి వచ్చేదానికి ఇంకా నాలుగు రోజులు ఉండాది కదా, శకునం గూడా చెడదు అన్నారంట.

నేను ఆదివారం బయల్దేరాను. ఒట్టు, బస్టాండు దాకా వచ్చాను. కోవిల్‌పట్టి బస్సు నిలబడి ఉంది. ఎక్కలేదు. నీ మొహం ఎట్లా చూసేది? మళ్ళీ ఆయన పని పోతే? నిరోషా? ఇంటికి తిరిగి వచ్చేశాను.

ఎంత మిగిలింది? ఏమన్నా మిగిలిందా? ఆయన ఇంటికి వచ్చి ఏమీ చెప్పడం లేదు.

నన్ను తిట్టు. రాయకుండా మాత్రం ఉండవద్దు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

మారీ


కోవిల్‌పట్టి,
జూలై 26

మారీశ్వరికి,

ఎంత మిగిలిందని అడిగావు. చెబుతాను.

ఆదివారం నీ కోసం పప్పు పొయ్యి మీద పెట్టి వాకిట్లో కూర్చున్నాను. నువ్వు వస్తావని వీధి చూస్తుంటే వెళ్ళైయమ్మాళ్ పరుగెత్తి వచ్చి, తోపు వైపు చేయి చూపింది. ఆటో పట్టుకొని పోయాము. శనివారం నుంచి మూడు మిషన్లు. ఊట దాకా వచ్చేశాయి.

రాయి ముందర నిలబడ్డాను. డ్రైవర్ తమిళంలో తప్పుకోమంటున్నాడని చేతుల్ని బట్టి తెలిసింది. నాకు ఆ సమయంలో తమిళం రాలేదు. ఇంట్లో మాట్లాడినట్టే వచ్చింది. "ముందు నా మీద తోలు నాయనా, తరవాత ఆమె మీద తోలు" అన్నాను.

అతను దిగి దగ్గరకు వచ్చాడు. నరికుడి పక్క మనిషి, పేరు అంతోణి. మెడలో సిలువ.

"మీరు మనోళ్ళామ్మా?" అని నా చెవిలో తెలుగులోనే అడిగాడు.

"నువ్వెవురో నాకేం తెలుసు. ఇది మాత్రం మా అమ్మ."

"ఆదివారం గుడికి పోనీకుండా పనికి పిలిస్తే అప్పుడే మనసు సెరిలేదు. వాళ్ళేమన్నా అననీ. నేను ఎక్కను."

తాళం తీసి జేబులో వేసుకొని పోయి నీడలో కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ అతన్ని చూసి ఆపేశారు. మీ ఆయన గొడుగు కింద నిలబడి నన్ను చూస్తూ అరుస్తున్నాడు. నోరు కదలడం కనబడింది. చెవులు లేకపోవడం ఆ రోజు మంచిదైంది.

సోమవారం అర్జీ ఇచ్చాను. నీ ఉత్తరం, నా తమిళ కాగితం, దారం కట్టిన ఆ పొట్లం. మంగళవారం ఆఫీసు మనుషులు వచ్చి కొలిచి, విచారణ అయ్యేదాకా ముట్టకూడదని కాగితం అంటించారు. మిగిలింది ఎకరన్నర. ఊట, రెండు ఇప్పలు, నాలుగు దిరిసెనలు. దేవాంగపిల్లి కనబడలేదు. మూడు పొద్దులు చూశాను.

ఇప్పుడు నీ జాబు సంగతి.

మీ ఆయన బీరువాలో నా ఉత్తరం చూసి తెలుసుకున్నాడని రాశావు. ఆయన తమిళబడిలో చదివిన మనిషి. మన అక్షరం ఒక్కటి రాదు. పెళ్ళైన కొత్తలో నా జాబులు చూసి "ఇదేంది, జిలేబీలు చుట్టి పంపింది మీ అక్క" అని నవ్వేవాడని నువ్వే రాశావు. నిరోషాకూ రాదు. విరుదునగర్‌లో మీ ఇంట్లో ఆ కాగితం చదవగలిగింది నువ్వొక్కతెవే.

చదివి వినిపించావు. పదిహేనో తేదీ అని, సోమవారం అని, పడమటి సగం అని. ఎవరికీ చెప్పకు అని నేను రాసినది కూడా చదివే ఉంటావు.

మొదటిసారి నువ్వు పూలు కట్టినప్పుడు చేయి సంచిలోకి పోలేదన్నావు. అది నమ్మాను. బెదిరిన చేయి అట్లా ఉంటుంది. ఈసారి నువ్వు ఒక్కొక్క లైనూ తమిళంలో తిప్పి చెప్పి ఉంటావు. దానికి సమయం పడుతుంది. నాకు తెలుసు, నేనూ తిప్పి రాశాను కదా. ఎక్కడైనా ఆగి ఉండవచ్చు.

నీ మీద కోపంతో ఒక్కపొద్దు మానలేదు. మంగళవారాలు ఉంటూనే ఉన్నాను. అది అమ్మకూ నాకూ మధ్య సంగతి. నిన్ను దీవించడం కూడా మానను. అంతకు మించి నా దగ్గర లేదు.

విచారణకు నిన్ను పిలుస్తారు. వస్తే నిజం చెప్పు. రాకపోతే నేను చెబుతాను. ఆ ఎకరన్నర నిలుస్తుందో లేదో నాకు తెలియదు. అందుకని ఒక పని చేశాను. రాలిన పుల్ల కూడా బయటికి తేని దాన్ని, ఇప్ప గింజలు, దిరిసెన కాయలు, గొడుగు తుమ్మ కాయలు కొంగు నిండా ఏరి బయటికి తెచ్చాను. పూ కట్టి అడగలేదు. ఇక మీద ఎప్పుడూ పూ కట్టి అడగను. నోటితో చెప్పి తీసుకున్నాను. ఒకరు చోటు ఇచ్చారు. పోయిన వారం వాన పడింది. ఇవాళ తెల్లవారి పోయి చూస్తే దిరిసెన అప్పుడే రెండాకులు తీసింది.

ఎక్కడ నాటానో నీకు రాయను.

కృష్ణమ్మాళ్